పన్ను ఎవరి చేతికి కట్టాలి? బ్రిటిష్ వలసలు అమెరికా దేశంగా మారిన క్రమం

1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ నడిపించిన ఇంగ్లీషు సైన్యం మచిలీపట్నం కోటను ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి లాక్కుంది. ఐదు నెలలు తిరిగేసరికి ఇంకో ఇంగ్లీషు సైన్యం కెనడాలో క్యూబెక్ నగరాన్ని అదే ఫ్రెంచివాళ్ల దగ్గర నుంచి పట్టుకుంది. రెండూ ఒకే యుద్ధంలో భాగాలు. 1763లో ముగిసిన ఆ ఏడేళ్ల యుద్ధంలో బ్రిటన్ గెలిచింది గానీ, గెలిచేసరికి దాని జాతీయ అప్పు సుమారు ఏడున్నర కోట్ల పౌండ్ల నుంచి 13 కోట్ల దగ్గరకు పెరిగింది. ఏటా వచ్చే రాబడిలో సగం వడ్డీకే పోయేది. అమెరికా వలసలు బ్రిటన్ నుంచి విడిపోయిన కథ ఈ అప్పు పద్దుతోనే మొదలవుతుంది.

1776 జూలై 4న స్వాతంత్ర్యం ప్రకటించారు, యుద్ధం గెలిచారు, దేశం ఏర్పడింది అని బడిలో చదువుకుంటాం. వరస సరైనదే, కానీ పని ఎలా జరిగిందో అందులో కనపడదు. పాలన అంటే రోజువారీ వ్యవహారాలు: పన్ను వసూలు, కోర్టు, ఉద్యోగులకు జీతం, ఓడ రేవు దాటడానికి చీటీ. ఇవి ఒక్కొక్కటిగా రాజు మనుషుల చేతుల్లోంచి కొత్త చేతుల్లోకి వెళ్లాయి. 1765లో మొదలైన ఆ బదిలీ పూర్తయ్యేసరికి 1789 వచ్చింది. అందులో సగం స్వాతంత్ర్య ప్రకటనకు ముందే అయిపోయింది. కష్టమైన సగం యుద్ధం గెలిచాక మిగిలింది.

మొదట పాత ఏర్పాటు చూద్దాం. పదమూడు వలసల్లో 1775 నాటికి దాదాపు 25 లక్షల మంది ఉండేవారు, వారిలో ఐదో వంతు బానిసలు. ప్రతి వలసకూ ఒక గవర్నరు, ఎన్నికైన ఒక శాసనసభ. చాలాచోట్ల గవర్నరును రాజే నియమించేవాడు. కానీ గవర్నరుకు జీతం మంజూరు చేసేది స్థానిక సభ, అదీ ఏ ఏటికాయేడు. నచ్చని పని చేస్తే జీతం ఆలస్యమయ్యేది. అంటే గవర్నరు ముక్కుతాడు సభ చేతిలో ఉండేది. తర్వాత జరిగిన గొడవలన్నిటినీ విప్పే తాళంచెవి ఈ చిన్న విషయమే.

యుద్ధం తర్వాత అమెరికాలో 10 వేల మంది సైనికులను ఉంచాలని లండన్ నిర్ణయించింది. ఆ ఖర్చులో కొంతైనా వలసలు భరించాలన్నది ప్రధాని గ్రెన్‌విల్ ఆలోచన. 1764లో ఆయన మొలాసిస్ మీద చెయ్యి వేశాడు. మొలాసిస్ అంటే చక్కెర తీశాక మిగిలే చెరకు మడ్డి. కరీబియన్ దీవుల నుంచి దాన్ని తెచ్చి న్యూ ఇంగ్లండ్‌లో రమ్ము కాచేవారు. గ్యాలనుకు 6 పెన్నీల సుంకం 1733 నుంచీ చట్టంలో ఉన్నా, కస్టమ్స్ వాళ్ల చెయ్యి తడిపి తప్పించుకునేవారు. గ్రెన్‌విల్ దాన్ని 3 పెన్నీలకు తగ్గించి, ఈసారి నిజంగా వసూలు చేయమన్నాడు. ఎగవేత కేసులను జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాలకు పంపే వీలు కల్పించాడు. రేటు తగ్గింది, మంట పెరిగింది. ఎందుకంటే ఇరుగుపొరుగు జ్యూరీ ఉంటే శిక్ష పడదని అందరికీ తెలుసు. ఆ రక్షణే ఇప్పుడు పోయింది.

మరుసటి ఏడాది స్టాంపు చట్టం వచ్చింది. ఓడ సరుకు పత్రం, దస్తావేజు, వీలునామా, పత్రిక, పేకముక్కల కట్ట, ఏదైనా స్టాంపు వేసిన కాగితం మీదే ఉండాలి. పేక కట్టకు ఒక షిల్లింగు, జూదం పాచికలకు 10 షిల్లింగులు, కాలేజీ పట్టాకు 2 పౌండ్లు. చట్టం 1765 నవంబరు 1న అమల్లోకి రావాలి. దాని బలహీనత దాని తయారీలోనే ఉంది. కాగితం అమ్మేవాడు లేకపోతే పన్నే లేదు. ప్రతి వలసకూ ఒక పంపిణీదారుణ్ణి పెట్టారు కాబట్టి, అతను రాజీనామా చేస్తే ఆ వలసలో చట్టం ఆగిపోయినట్టే. ఆగస్టు 14న బోస్టన్‌లో పంపిణీదారు ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీసి, అతని ఆఫీసు అనుకున్న కట్టడాన్ని గుంపు కూల్చేసింది. అతను పదవి వద్దన్నాడు. మిగతా వలసల్లోనూ పంపిణీదారులు వరసగా తప్పుకున్నారు. గడువు వచ్చేసరికి స్టాంపులు ఓడల్లోనూ కోటల్లోనూ ఉండిపోయాయి, అమ్మే నాథుడు లేడు.

వాదన తరఫున చూస్తే వలసల మాట సూటిగా ఉంది. పార్లమెంటులో మాకు సభ్యులు లేరు, కాబట్టి మా డబ్బు మీద దానికి హక్కు లేదు. లండన్ జవాబు: ప్రతి సభ్యుడూ సామ్రాజ్యం మొత్తానికి ప్రతినిధే, మాంచెస్టరుకూ విడిగా సభ్యుడు లేడు కదా. ఇంగ్లండ్‌లో ఆ జవాబు చెల్లింది. తమ సభలో తమ ఊరి మనిషిని చూడటం అలవాటైన అమెరికన్లకు ఎక్కలేదు. 1766 మార్చి 18న పార్లమెంటు స్టాంపు చట్టాన్ని రద్దు చేస్తూ, అన్ని విషయాల్లోనూ వలసలకు చట్టాలు చేసే హక్కు తనదేనని ఇంకో చట్టం చేసింది. వీధుల్లో పండగ చేసుకున్నవాళ్లు ఆ రెండో కాగితాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

1767లో టౌన్‌షెండ్ సుంకాలు వచ్చాయి: గాజు, సీసం, రంగులు, కాగితం, టీ. వచ్చే డబ్బుతో గవర్నర్లకు, జడ్జీలకు నేరుగా జీతాలిచ్చే వీలును కూడా ఆ చట్టంలోనే పెట్టారు. పైన చెప్పిన ముక్కుతాడును కోసేశారన్నమాట. వలసలు బ్రిటిష్ సరుకు దిగుమతి మానేశాయి. 1770లో నాలుగు సుంకాలు ఎత్తేసి టీ మీద మాత్రం పౌండు బరువుకు 3 పెన్నీలు ఉంచారు, హక్కు వదులుకోలేదని చూపడానికి.

ఇక్కడ మళ్లీ మన గడ్డ కథలోకి వస్తుంది. 1765లో ఈస్టిండియా కంపెనీకి బెంగాల్ దివానీ, అంటే పన్ను వసూలు హక్కు, దక్కింది, ఉత్తర సర్కారుల మీద మొగల్ ఫర్మానా కూడా ఆ ఏడాదే వచ్చింది. కంపెనీకి సిరులు కురుస్తాయనుకున్నారు. హైదరలీతో యుద్ధం, 1770 బెంగాల్ కరువు, లండన్‌లో 1772 నాటి బ్యాంకుల సంక్షోభం కలిసి దాన్ని దివాలా అంచుకు తెచ్చాయి. గోదాముల్లో కోటిన్నర పౌండ్ల బరువుకు మించి చైనా టీ పేరుకుపోయింది. ప్రభుత్వం 14 లక్షల పౌండ్లు అప్పిచ్చి, 1773 మేలో టీ చట్టం చేసింది. కంపెనీ దళారులు లేకుండా అమెరికాకు నేరుగా టీ పంపవచ్చు, ఇంగ్లండ్‌లో కట్టిన సుంకం తిరిగి వస్తుంది, అమెరికాలో ఆ 3 పెన్నీలు మాత్రం కట్టాలి. అంటే టీ చవకైంది. ధర పెరిగినందుకే టీ పారబోశారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. చవక టీ కొన్న ప్రతివాడూ ఆ 3 పెన్నీల హక్కును ఒప్పుకున్నట్టవుతుందనే భయపడ్డారు. మసాచుసెట్స్ గవర్నరు హచిన్‌సన్ జీతం ఆ సుంకం డబ్బులోంచే వచ్చేది. టీ దిగుమతి ఏజెన్సీ దక్కినవాళ్లలో అతని కొడుకులూ ఉన్నారు.

1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో టీ పారబోసినదాన్ని ఆవేశంగా వర్ణిస్తారు, నిజానికి అది కస్టమ్స్ నిబంధన బిగించిన ముడి. డార్ట్‌మౌత్ అనే ఓడ నవంబరు 28న రేవులోకి వచ్చింది. వచ్చిన 20 రోజుల్లో సుంకం కట్టకపోతే అధికారులు సరుకు జప్తు చేసి దింపేస్తారు. దింపితే అది ఎలాగూ బజారుకు చేరుతుంది. సుంకం కట్టనిదే తిరిగి వెళ్లే చీటీ ఇవ్వరు, చీటీ లేకపోతే కోట ఫిరంగులు ఓడను దాటనివ్వవు. దింపకూడదు, వెనక్కి పంపలేరు. గడువు డిసెంబరు 17. పదహారో తేదీన ఓడ యజమాని ఫ్రాన్సిస్ రాచ్‌ను మిల్టన్‌లో ఉన్న గవర్నరు ఇంటికి చివరిసారి పంపారు. ఓల్డ్ సౌత్ ప్రార్థనా మందిరంలో వేలమంది అతని కోసం కూర్చున్నారు. చీకటి పడ్డాక అతను ఒట్టి చేతులతో వచ్చాడు. తర్వాత మూడు గంటల్లో మూడు ఓడల మీది 342 పెట్టెలను పగలగొట్టి నీళ్లలో పోశారు. బరువు 92 వేల పౌండ్లు, అంటే దాదాపు 42 టన్నులు. కంపెనీ కట్టిన లెక్కలో దాని విలువ 9,659 పౌండ్లు. ఫిలడెల్ఫియాలో కెప్టెన్ సరుకుతోనే వెనుదిరిగాడు, చార్ల్‌స్టన్‌లో జప్తు చేసి గోదాములో పెట్టారు. ముడి బిగుసుకుంది బోస్టన్‌లోనే, ఎందుకంటే అక్కడి గవర్నరు మెట్టు దిగలేదు.

1774లో పార్లమెంటు దెబ్బకు దెబ్బ తీసింది. జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూత. మసాచుసెట్స్ ఎగువ సభను ఇకపై రాజే నియమిస్తాడు. ఊరి సభలు గవర్నరు అనుమతి లేకుండా ఏడాదికి ఒకసారే జరగాలి. జ్యూరీని షెరీఫు ఎంచుతాడు. టీ జోలికి పోని పల్లెటూరి రైతుకు కూడా ఇది తగిలింది, ఎందుకంటే అప్పు కేసుల్లో అతని పొలం ఆ కోర్టులోనే తేలుతుంది.

సెప్టెంబరు 6న వోర్సెస్టర్‌లో కోర్టు తెరవాల్సి ఉంది. తెల్లవారేసరికి 37 ఊళ్ల నుంచి 4,622 మంది వచ్చారు. ఊరివారీగా తల లెక్క కట్టారు కాబట్టి అంకె ఇంత కచ్చితంగా తెలుసు. కోర్టు తలుపులు వేసేశారు. వీధికి రెండు పక్కలా బారులు తీరి, జడ్జీలను, షెరీఫును, వకీళ్లను ఆ మధ్య నుంచి టోపీలు చేతుల్లో పట్టుకుని నడవమన్నారు. కొత్త చట్టం కింద పని చెయ్యబోమన్న హామీని ఒక్కో ఊరి బారు ముందు ఆగి మళ్లీ మళ్లీ చదవాలి, వెనకాల ఉన్నవాళ్లకూ వినిపించేదాకా. అలా ముప్పై సార్ల దాకా చదివించారు. ఒక్క తుపాకీ పేలలేదు. ఆ నెలలో బోస్టన్ దాటి బయట రాజు పేరిట నడిచే కోర్టు దాదాపు ఎక్కడా మిగల్లేదు.

అక్టోబరులో ఆ వలస ప్రతినిధులు సొంతంగా ప్రాంతీయ కాంగ్రెస్‌గా కూర్చున్నారు. 28న హెన్రీ గార్డ్‌నర్‌ను ఖజానాదారుగా నియమించి, ఊళ్లు వసూలు చేసిన పన్నును రాజు ఖజానాదారు హారిసన్ గ్రేకు కాక ఇతనికి కట్టమన్నారు. నా లెక్కలో జూలై 4 కంటే ఇది పెద్ద రోజు. ప్రకటన ఎవరైనా రాయగలరు. ఊరి వసూలుదారు డబ్బు సంచిని ఏ గుమ్మం దగ్గర దించుతాడన్నదే ప్రభుత్వం ఎవరిదో తేల్చే విషయం.

అదే శరదృతువులో 12 వలసల నుంచి 56 మంది ఫిలడెల్ఫియాలో మొదటి కాంగ్రెస్‌గా కలిశారు, జార్జియా రాలేదు. వాళ్లు చేసిన ఒప్పందంలో తేదీలు స్పష్టంగా ఉన్నాయి: డిసెంబరు 1 నుంచి బ్రిటిష్ సరుకు దిగుమతి బంద్, 1775 మార్చి 1 నుంచి వాడకం బంద్, సెప్టెంబరు 10 నుంచి ఎగుమతి బంద్. అసలు బలం పదకొండో అంశంలో ఉంది. ప్రతి కౌంటీలో, ప్రతి ఊళ్లో ఓటర్లు ఒక కమిటీని ఎన్నుకోవాలి, మాట తప్పినవాడి పేరు పత్రికలో వెయ్యాలి. ఈ కమిటీలు దుకాణాల పద్దులు చూశాయి, ఓడలు సోదా చేశాయి, ధరలు కట్టడి చేశాయి. రాజు పక్షాన మాట్లాడినవాళ్లను వేధించాయి కూడా, ఆ సంగతి దాచకూడదు. యుద్ధం ముగిసేసరికి సుమారు 60 వేల మంది విధేయులు దేశం వదిలి వెళ్లారు.

1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్, కాన్‌కార్డ్‌లలో తుపాకులు పేలాయి. అయినా స్వాతంత్ర్యానికి మరో పద్నాలుగు నెలలు పట్టింది. చాలామంది తమ గొడవ పార్లమెంటుతోనే అనీ, రాజు తమవాడే అనీ నమ్మారు. ఆ నమ్మకాన్ని రాజే చెరిపేశాడు: ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులన్నాడు, డిసెంబరు చట్టంతో వాళ్ల ఓడలను శత్రువుల ఓడల్లా పట్టుకోవచ్చన్నారు. వర్జీనియా గవర్నరు డన్‌మోర్ నవంబరులో, తిరుగుబాటు యజమానుల బానిసలు తన సైన్యంలో చేరితే విడుదల చేస్తానన్నాడు. స్వేచ్ఛ వెతుక్కుంటూ వందలమంది నల్లవాళ్లు అతని దగ్గరకు పరుగెత్తారు. బానిస యజమానులు మాత్రం ఆ దెబ్బతో కాంగ్రెస్ వైపు జరిగారు. ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పుకోవాల్సిన నిజాలు.

ఇంకో కారణం పూర్తిగా వ్యవహారం. తుపాకిమందు, డబ్బు ఫ్రాన్స్ ఇవ్వాలి. ఇంకో రాజు కింది ప్రజలతో ఫ్రాన్స్ సంధి చేసుకోదు. అందుకే 1776 జూన్ 7న వర్జీనియా ప్రతినిధి రిచర్డ్ హెన్రీ లీ కాంగ్రెస్‌లో పెట్టిన తీర్మానంలో మూడు ముక్కలున్నాయి: స్వాతంత్ర్యం, విదేశీ పొత్తులు, వలసల సమాఖ్య. జూలై 1 నాటి ముందస్తు ఓటులో తొమ్మిదే అనుకూలం. పెన్సిల్వేనియా, సౌత్ కరోలినా వద్దన్నాయి. డెలావేర్ ప్రతినిధులిద్దరూ చెరోవైపు. న్యూయార్క్‌కు ఇంకా ఆదేశం రాలేదు. ఆ రాత్రి డెలావేర్ మూడో ప్రతినిధి సీజర్ రాడ్నీ వానలో గుర్రం మీద వచ్చాడు, పెన్సిల్వేనియావాళ్లు ఇద్దరు సభకు రాకుండా ఉండిపోయారు, సౌత్ కరోలినా మనసు మార్చుకుంది. జూలై 2న 12 ఓట్లు, వ్యతిరేకం సున్నా. నాలుగున ఆమోదించింది జెఫర్సన్ చిత్తుకు దిద్దుబాట్లు చేసిన ప్రకటన పాఠాన్ని. బానిస వ్యాపారాన్ని తిట్టిన పేరాను అందులోంచి కొట్టేశారు. సంతకాలు ఎక్కువభాగం ఆగస్టు 2న.

ఇక కష్టమైన సగం. రాష్ట్రాలు తమ రాజ్యాంగాలు బాగానే రాసుకున్నాయి. కనెక్టికట్, రోడ్ ఐలాండ్ పాత చార్టర్లోంచి రాజు పేరు తీసేసి సరిపెట్టుకున్నాయి. మసాచుసెట్స్ 1779లో దీనికోసమే ప్రత్యేక సభను ఎన్నుకుని, 1780లో పాఠాన్ని ఊరి సభలకు పంపి ఆమోదం అడిగింది. కేంద్రం మాత్రం చేతిలో కానీ లేకుండా యుద్ధం నడిపింది. 1775 జూన్‌లో 20 లక్షల డాలర్ల నోట్లు అచ్చువేశారు. రాష్ట్రాలు పన్ను వేసి ఈ నోట్లను వెనక్కి లాగాలి, అదీ ఏర్పాటు. రాష్ట్రాలు పన్ను వెయ్యకపోగా తామూ నోట్లు కొట్టాయి. బ్రిటిష్‌వాళ్లు దొంగనోట్లు వదిలారు. 1780 మార్చిలో కాంగ్రెస్ తానే 40 కాగితం డాలర్లకు ఒక వెండి డాలరు అని తేల్చేసింది.

1781 మార్చి 1న అమల్లోకి వచ్చిన సమాఖ్య ఒప్పందం ఈ జబ్బుకే చట్టరూపం ఇచ్చింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఓటు, పెద్ద విషయాలకు తొమ్మిది ఓట్లు, సవరణకు పదమూడూ కావాలి. పన్ను వేసే అధికారం లేదు, రాష్ట్రాలను అడగాలి. 1781 అక్టోబరులో 80 లక్షల డాలర్లు అడిగితే 1784 ఆరంభానికి వచ్చింది 15 లక్షల లోపే. దిగుమతుల మీద 5 శాతం సుంకం ప్రతిపాదిస్తే మొదటిసారి రోడ్ ఐలాండ్ ఒక్కటి అడ్డుపడింది, రెండోసారి న్యూయార్క్.

యార్క్‌టౌన్‌లో 1781 అక్టోబరు 19న బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. జబ్బు చేసిందని చెప్పి సేనాపతి కారన్‌వాలిస్ రాలేదు, ఉపసేనాపతి ఇచ్చిన కత్తిని అమెరికా పక్షాన జనరల్ బెంజమిన్ లింకన్ అందుకున్నాడు. కారన్‌వాలిస్ మనకు కొత్తవాడు కాదు. ఐదేళ్లకు గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగాడు, 1788లో గుంటూరు సర్కారును నిజాం నుంచి కంపెనీ కిందకు తెచ్చింది ఆయన హయాంలోనే. అమెరికా కాంగ్రెస్ మాత్రం, బకాయి జీతం అడుగుతూ 1783 జూన్‌లో తన సైనికులే చుట్టుముడితే ఫిలడెల్ఫియా వదిలి ప్రిన్స్‌టన్‌కు పోవాల్సి వచ్చింది. ఆ సెప్టెంబరులో సంతకమైన పారిస్ సంధిని ఆమోదించడానికి తొమ్మిది రాష్ట్రాల ప్రతినిధులు కూడేసరికి 1784 జనవరి 14 వచ్చింది.

యుద్ధపు అప్పు తీర్చడానికి మసాచుసెట్స్ భారీ పన్నులు వేసి, వెండి నాణేల్లో కట్టమంది. పల్లెల్లో నాణేలెక్కడివి? పొలాలు వేలానికి వచ్చాయి. 1786 సెప్టెంబరులో రైతులు వోర్సెస్టర్ కోర్టు తలుపులకు మళ్లీ అడ్డంగా నిలబడ్డారు. పన్నెండేళ్ల కిందటి పద్ధతే. ఈసారి మెట్ల దగ్గర ఆగిపోయిన జడ్జి ఆర్టిమస్ వార్డ్, 1775లో బోస్టన్‌ను ముట్టడించిన సైన్యానికి తొలి సేనాపతి. రైతులకు తాము కొత్తగా ఏమీ చేస్తున్నట్టు తోచలేదు. వార్డ్‌కు మాత్రం ఇది తాము ఎన్నుకున్న ప్రభుత్వం మీద తిరుగుబాటు. అణచడానికి కేంద్రం దగ్గర డబ్బు లేదు, బోస్టన్ వర్తకులు చందాలు వేసుకుంటే లింకన్ సైన్యాన్ని నడిపించాడు.

ఆ చలికాలపు భయమే 1787 మేలో కొత్త రాజ్యాంగం రాసిన 55 మందిని ఫిలడెల్ఫియాలో కూర్చోబెట్టింది. రోడ్ ఐలాండ్ ఎవరినీ పంపలేదు. చిన్న రాష్ట్రాలకు సెనేట్‌లో సమాన ఓటు, పెద్దవాటికి దిగువ సభలో జనాభా లెక్క, దక్షిణాదికి బానిసల్లో ఐదింట మూడు వంతుల లెక్కతో ఎక్కువ స్థానాలు. చివరిది ఆ బేరాల్లోకెల్లా నీచమైనది, దాని బాకీ తర్వాతి తరాలు రక్తంతో కట్టాయి. కాంగ్రెస్ అధికారాల పట్టికలో మొట్టమొదట రాసింది పన్నులు వేసి వసూలు చేయడం. అమలుకు పదమూడు కాక తొమ్మిది రాష్ట్రాల ఆమోదం చాలన్నారు, పాత ఉచ్చులో పడకుండా. తొమ్మిదోది న్యూహాంప్‌షైర్, 1788 జూన్ 21. రోడ్ ఐలాండ్ 1790 మేలో 34-32తో చేరింది.

తొలి అధ్యక్షుడు వాషింగ్టన్ ప్రమాణం చేసిన రెండు నెలలకు, 1789 జూలై 4న, కొత్త కాంగ్రెస్ తొలి సుంకాల చట్టం మీద సంతకం చేశాడు. అందులో మొలాసిస్ గ్యాలనుకు రెండున్నర సెంట్లు. చైనా నుంచి అమెరికన్ ఓడలో వచ్చే బోహీ టీ పౌండుకు 6 సెంట్లు. అప్పటి మారకంలో అది 3 పెన్నీలకు కాస్త ఎక్కువే, 1773లో నీళ్లపాలైన టీలో అధికభాగం ఆ రకానిదే. బోస్టన్ రేవులో ఈ సుంకం వసూలు చేసే కలెక్టరుగా ఆ ఆగస్టులో బెంజమిన్ లింకన్‌ను నియమించారు. ఈసారి టీ పెట్టెలు సుంకం కట్టి ఒడ్డుకు దిగాయి.